బీగం వేసిన ఇంటికి కాపలా ఎవరు? తలారి నుంచి కెమెరా దాకా

ఈ రోజు చెప్పేది చరిత్రే. కానీ రెండేళ్ల కిందటి ఒక గోడ గడియారం దగ్గర మొదలుపెడతా.

అప్పటికి నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేశా, ఈ వీడియోలు ఇంకా కాలు నిలదొక్కుకోలేదు. అద్దె మిగులుతుందని ఒక ఆన్‌లైన్ సైట్‌లో హౌస్ సిట్టర్‌గా పేరు నమోదు చేసుకున్నా. తెలియనివాళ్ల కోసం చెప్తా. ఇంటివాళ్లు ఊరెళ్తే వాళ్లింట్లో మనం ఉంటాం, కుక్కనో పిల్లినో చూసుకుంటాం, కుండీలకు నీళ్లు పోస్తాం. డబ్బులు ఇవ్వరు, అద్దె అడగరు. నాకు దొరికింది పన్నెండు రోజుల ఇల్లు, ఒక పిల్లి. మూడో రోజు పొద్దున్నే ఓనర్ మెసేజ్ పెట్టాడు: "రాత్రి ఒంటిగంట దాకా హాల్లో లైట్ వెలుగుతోంది, కొంచెం చూసుకోండి బ్రదర్." నేను ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. పిల్లి చెప్పే అవకాశం లేదు. అరగంట వెతికితే దొరికింది, గోడ గడియారంలో పన్నెండు అంకె పక్కన చిన్న లెన్స్. సైట్ వాళ్లకు రాస్తే "మీరిద్దరూ మాట్లాడుకుని పరిష్కరించుకోండి" అని జవాబు వచ్చింది. మిగతా తొమ్మిది రోజులూ ఆ గడియారం మీద తువ్వాలు వేసి ఉంచా.

సరిగ్గా అదే వారంలో హిందూపురంలో మా చిన్నాన్న వాళ్లు పెళ్లికని ఊరెళ్తూ, ఇంటికి బీగం వేసి, పోలీసులకు ఫోన్లో రిక్వెస్ట్ పెట్టి, అడిగి మరీ హాల్లో కెమెరా పెట్టించుకున్నారు. ఫోన్ చేసి "ఏం భయం లేదురా, పోలీసులే చూస్కుంటారు" అని సంతోషంగా చెప్పాడు. నేను తువ్వాలు కప్పిన గడియారం ముందు కూర్చుని వింటున్నా.

రెండూ ఇళ్లే, రెండూ కెమెరాలే. ఒకటి నాకు కడుపులో దేవినట్టు అనిపించింది, ఇంకొకటి మా చిన్నాన్నకు నిద్ర పట్టించింది. ఎందుకు? ఇది ఆలోచిస్తూ పోతే, మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఇల్లు విడిచి వెళ్లినప్పుడు కాపలా ఎవరు కాసేవాళ్లు, వాళ్లను ఎవరు నమ్మేవాళ్లు అనే పాత కథ బయటపడింది. అదే ఈ ఎపిసోడ్.

ముందు ఇంటి గురించి. మా అవ్వ వాళ్లది మట్టి మిద్దె. పైన గవాచి, వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత. కింద మట్టి గోడ. దొంగతనానికి తెలుగులో ఉన్న అసలైన క్రియాపదం 'కన్నం వేయడం' కదా, అది ఈ గోడల్లోంచి పుట్టిన మాట. తలుపు ఎంత గట్టిదైనా, ఎంత పెద్ద బీగమున్నా, మట్టిగోడకు నీళ్లు చల్లి గడ్డపారతో మనిషి పట్టేంత కంత తవ్వితే అయిపోయె. అంటే ఆ కాలంలో బీగం అనేది ఎక్కువ భాగం మర్యాదకు వేసేదే. ఇంటికి రక్షణ ఇంట్లో ఉన్న మనిషి. ఇంట్లో మనిషి లేకపోతే, ఊళ్లో ఉన్న మనిషి.

ధర్మవరంలో ఇది ఇంకా గట్టిగా కనబడుతుంది. నేతపనివాళ్ల ఇల్లంటే సగం ఇల్లు, సగం మగ్గం. మగ్గం మీదున్న పట్టు, జరీ చాలాసార్లు ఇంటివాళ్లది కాదు, మాస్టర్ వీవర్ ఇచ్చింది. నేసినవాళ్లకు వచ్చేది కూలి. కాబట్టి పెళ్లికెళ్లినా తిరుపతికెళ్లినా ఒకరు మగ్గం దగ్గర పడుకోవాల్సిందే. ముసలాయనో, పక్కింటి కుర్రాడో, అత్తగారి తరఫు ఎవరో. ఇంగ్లిష్‌వాళ్లు దానికి హౌస్ సిట్టింగ్ అని పేరు పెట్టి 2000లో ఆస్ట్రేలియాలో హౌస్‌కేరర్స్, 2010లో ఇంగ్లండ్‌లో ట్రస్టెడ్‌హౌస్‌సిట్టర్స్ అని సైట్లు తెరిచారు. మనవైపు దానికి పేరు కూడా లేదు. "కొంచెం మా ఇంట్లో పడుకో నాయనా" అనేవాళ్లు, అంతే.

ఇక ఊరి కాపలా సంగతి. విజయనగర కాలం నుంచి మన ఊళ్లలో ఆయగాండ్ర పద్ధతి ఉంది. రెడ్డి, కరణం, తలారి, తోటి, నీరుగంటి, ఇలా ఊరికి పనిచేసే పన్నెండు మంది, పంటలో వాటా, కొంత మాన్యం. 1565లో రక్కసతంగడి యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తెచ్చాడు. అంటే కొన్నేళ్లపాటు సామ్రాజ్యం లెక్కలన్నీ మన కొండ కిందనే జరిగాయి. గగన్‌మహల్ చూడ్డానికి వెళ్లి సెల్ఫీ తీసుకుని వచ్చేస్తాం గానీ, ఆ సామ్రాజ్యం నిలబడింది ఊరూరా ఉన్న ఈ పన్నెండు మంది మీద.

వాళ్లలో తలారి మనకు కావాల్సినవాడు. 1812లో బ్రిటిష్ పార్లమెంటుకు వెళ్లిన ఐదో నివేదిక ఊరి ఉద్యోగుల పనులు వివరంగా రాసింది. తలారి పని నేరాల గురించి సమాచారం రాబట్టడం, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లేవాళ్లకు తోడుండి దాటించడం. తోటిది ఊరి లోపలి పని, పంట కాపలా, కొలతలప్పుడు సాయం. గమనించండి, మొదటి పని సమాచారం. కర్ర పట్టుకుని తిరగడం కాదు. ఎవరి ఇల్లు ఖాళీగా ఉంది, ఎవరింటికి కొత్త మనిషి వచ్చాడు, ఎవరు రాత్రిపూట సంతకెళ్లి ఇంకా రాలేదు, ఇదంతా ఆయన తలలో ఉండాలి. మా భాషలో చెప్పాలంటే తలారి ఊరి డేటాబేస్. బ్యాకప్ లేని డేటాబేస్.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. పాత కావలి పద్ధతిలో దొంగతనం జరిగితే కావలివాడు జవాబుదారీ. దొంగ అడుగుల జాడ పట్టుకుని పోవాలి. జాడ పొరుగూరి పొలిమేర దాటితే, అక్కడి కావలివాడికి చూపించి అప్పగించాలి, అప్పుడు బరువు వాడి మీద పడుతుంది. సొత్తు దొరక్కపోతే పరిహారం కట్టాలి. ఇప్పుడు ఏ హౌస్ సిట్టింగ్ సైట్ అయినా తెరిచి, అడుగున ఉండే షరతులు చదవండి. ముప్పై పేజీల్లో చాలాభాగం "దీనికి మా బాధ్యత లేదు" అనే మాటను ముప్పై రకాలుగా చెప్పడమే. నేను చదివా. గడియారం దొరికిన రాత్రి వేరే పనేముంది.

అయితే పాతదంతా బంగారం అని నేను చెప్పను. కావలి హక్కు పాళెగాళ్ల చేతికి వెళ్లాక అది రక్షణ కూలి కాస్తా రక్షణ పన్ను అయ్యింది. కావలి రుసుం కట్టిన ఊరు క్షేమం, కట్టని ఊరి మీద పడేది అదే పాళెగాడి మనుషులు. 1800 అక్టోబర్ 12 ఒప్పందంతో నిజాం మన జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చి 1807 దాకా ఉన్నాడు, కొంతకాలం అనంతపురమే ఆయన మకాం. వచ్చేసరికి ఈ ప్రాంతంలో దాదాపు ఎనభై మంది పాళెగాళ్లు. వాళ్ల బలగాలను తీసేసి, కోటలు ఖాళీ చేయించి, చాలామందికి పింఛన్లు పెట్టాడు. ఆయన మీద మన వాళ్లకు ఎంత అభిమానమంటే బిడ్డలకు ఆయన పేరు పెట్టుకున్నారు. అది వేరే ఎపిసోడ్.

పాళెగాడు పోయాడు, సరే. మరి ఊరి కాపలా? 1816లో మద్రాసు ప్రభుత్వం పదకొండో రెగ్యులేషన్ తెచ్చి గ్రామ పెద్దకే పోలీసు అధికారం ఇచ్చింది, తలారి ఆయన చేతి కింద. అప్పుడే కలెక్టర్‌కూ పోలీసు అధికారం. పన్ను వసూలు చేసేవాడూ, దొంగను పట్టేవాడూ ఒకడే. దాని ఫలితం 1855 నాటికి టార్చర్ కమిషన్ నివేదికలో బయటపడింది. పన్ను కోసం, నేరం ఒప్పించడం కోసం జనాన్ని ఎలా హింసించారో అందులో రికార్డయింది. ఎండలో వంచి నిలబెట్టడం, వేళ్లు నలిపే చిడతలు, చదువుతుంటే అన్నం దిగదు. ఆ గొడవ తర్వాత 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, రెవెన్యూకు దూరంగా వేరే పోలీసు శాఖ ఏర్పడింది. కాపలా ఇచ్చినవాడికే మన గుట్టూ, మన మీద అధికారమూ రెండూ ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా కంపెనీల ఉదాహరణలు వెతకక్కర్లేదు. మన ప్రెసిడెన్సీ రికార్డులే చాలు.

సరే, కాపలా కాసేవాడి వైపు నుంచి చూద్దాం. మనవైపు చాలా ఊళ్లలో తలారి పని బోయలది. ఊరందరి ఇళ్లకూ కాపలా కాసిన మనిషి చాలా ఇళ్లలో గడప దాటి లోపలికి అడుగుపెట్టింది లేదు. ఆయన రాత్రంతా మేలుకుని ఉన్నాడా, ఎక్కడ తిరిగాడు, ఎవరితో మాట్లాడాడు అన్నది రెడ్డి అడిగితే చెప్పాలి. ఆయనింట్లో ఏముందో ఎవరైనా చూడొచ్చు. దొంగతనం జరిగితే మొదటి అనుమానం కూడా ఆయన మీదే. హౌస్ సిట్టర్‌గా నేను పన్నెండు రోజులు పడిన అవస్థ ఆయన తరతరాలుగా పడ్డాడు. నేను తువ్వాలైనా కప్పుకోగలిగా.

ఇంకో చీకటి పేజీ ఉంది, అది తిప్పకుండా ముందుకు పోలేను. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలో గట్టిగా అమలైంది. ఎరుకల వంటి సంచార కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా రాసేశారు. పేరు నమోదు చేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పాలి, రాత్రిపూట హాజరు చెప్పాలి. స్టువర్టుపురం, మా పొరుగు కర్నూలు జిల్లాలో సిద్ధాపురం, ఇలాంటి సెటిల్‌మెంట్లు పెట్టారు. ఎంత విచిత్రమో చూడండి. నాకూ మీకూ ఇంటి నుంచి వెళ్లిపోతే ఇంటికి భయం. వాళ్లకు ఇంట్లో లేకపోతే జైలు భయం. రాత్రి గడపలో నిలబడి "ఉన్నాను దొరా" అని చెప్పాలి. ఆ చట్టం 1952లో రద్దయ్యింది. అలవాటు రద్దు కాలేదు, పోలీసుల 'హిస్టరీ షీట్'లోకి మారింది.

ఇక్కడే మన తెలుగువాడు ఒకాయన కథలోకి వస్తాడు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు గానీ షీట్ తెరిచారు. ఆ తర్వాత కానిస్టేబుళ్లు, ఊరి చౌకీదార్లు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి, అరిచి, నిద్రలేపి, ఉన్నాడో లేడో చూసి పోయేవాళ్లు. చౌకీదారంటే ఎవరు? అక్కడి తలారి. ఊరిని దొంగల నుంచి కాపాడాల్సినవాడే రాత్రిపూట తలుపు కొట్టేవాడయ్యాడు. ఖరక్ సింగ్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇళ్లకు రావడం చెల్లదన్నారు. కానీ ఎక్కువమంది జడ్జీలు, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదు, కాబట్టి మిగతా నిఘాకు అడ్డు లేదన్నారు.

ఒప్పుకోని జడ్జీల్లో ఒకరు కోకా సుబ్బారావు. రాజమండ్రి ఆయనది. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైనప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. జస్టిస్ షాతో కలిసి ఆయన రాసిన భిన్నాభిప్రాయంలో వాదన ఇది: గోప్యత అన్న మాట రాజ్యాంగంలో విడిగా రాయకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది భాగమే. ఒక మనిషిని కట్టేయకపోయినా, ప్రతి అడుగూ ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే వాడు స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు. ఆ భయం వాడి మనసులో పనిచేస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు గడియారం గుర్తొచ్చింది. ఆ పన్నెండు రోజుల్లో నన్ను ఎవరూ ఏమీ చేయలేదు. కానీ లెన్స్ కనిపించాక నేను సోఫాలో కూర్చునే పద్ధతి మారిపోయింది. ఇంటికి ఫోన్ చేయాలంటే బాల్కనీలోకి పోయేవాణ్ని. 1962లో రాజమండ్రి పెద్దాయన రాసింది దీని గురించే. 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఖరక్ సింగ్ తీర్పులో గోప్యత లేదన్న భాగాన్ని కొట్టేశారు. సుబ్బారావు భిన్నాభిప్రాయం దేశం మాట అయ్యింది. ఆయన 1976లోనే పోయారు.

మళ్లీ మన ఊళ్లకు వద్దాం. 1890 దశకంలో గుంతకల్లు నుంచి హిందూపురం వైపు రైలు పడింది, ధర్మవరం, పెనుకొండ అదే దారిలో. బెల్లం, చింతపండు వ్యాపారంతో హిందూపురం పెరిగింది. రైలు వచ్చిందంటే మనుషులు ఊరు వదిలి ఎక్కువ రోజులు ఉండగలరని అర్థం. తలారి పద్ధతి ఊళ్లోవాళ్లు ఊళ్లోనే ఉంటారనే లెక్క మీద కట్టింది. ఆ లెక్క అక్కణ్నుంచే తప్పుతూ వచ్చింది. 1984 జనవరి 6న ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో వంశపారంపర్య మునసబు, కరణం ఉద్యోగాలను రద్దు చేసింది. మరుసటి ఏడాది ఆయన మన హిందూపురం నుంచే ఎమ్మెల్యే అయ్యాడు. తలారులు, వెట్టివాళ్లు గ్రామ సేవకులుగా, తర్వాత వీఆర్ఏలుగా కాగితాల్లో మిగిలారు. రాత్రి గస్తీ కాగితాల్లో కూడా మిగల్లేదు.

ఆ తర్వాత ఖాళీ ఇళ్లు ఎక్కువయ్యాయి. పిల్లలు బెంగళూరులో, ఇక్కణ్నుంచి వంద కిలోమీటర్లే. కొందరు డల్లాస్‌లో. ఏడాదిలో ఆరు నెలలు అమ్మానాన్నలు మనవళ్ల దగ్గరికి పోతారు, ఇంటికి బీగం. ఇంకోవైపు 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు బయటికొచ్చాక ఎక్కడెక్కడివాళ్లో అద్దెకు దిగారు. పక్కింట్లో ఎవరుంటున్నారో తెలియడం తగ్గింది. తెలిసినవాళ్లు లేని వీధి, మనిషి లేని ఇల్లు. మధ్యలో 2019 ఆగస్టు 15 నుంచి యాభై ఇళ్లకు ఒక వాలంటీర్ వచ్చారు. ఎవరింట్లో ఎవరున్నారో వాళ్లకు తెలిసేది. 2023లో ఆ డేటా ఎక్కడికి పోతోందని రాజకీయంగా ఎంత గొడవైందో మీకు గుర్తుండే ఉంటుంది. ఎవరిది తప్పు అనే వాదన నేను ఇక్కడ చేయను. మన్రో కాలం ప్రశ్నే, ఇంటి సంగతి తెలిసినవాడు ఆ సంగతి ఎవరికి చెప్తాడు?

ఇప్పుడు మా చిన్నాన్న కెమెరా. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2017 ప్రాంతంలో ఎల్‌హెచ్ఎంఎస్ అని యాప్ తెచ్చారు, తాళం వేసిన ఇళ్ల నిఘా వ్యవస్థ. ఫోన్లో యాప్ వేసుకుని, నంబరు, అడ్రస్ నమోదు చేసుకోవాలి. ఊరెళ్లేటప్పుడు ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అని రిక్వెస్ట్ పెడితే, పోలీసులు వచ్చి ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా బిగిస్తారు. ఎవరైనా లోపలికొస్తే కంట్రోల్ రూమ్‌కు అలర్ట్ పోతుంది, దగ్గర్లో ఉన్న గస్తీవాళ్లకు కబురు పోతుంది. డబ్బులు కట్టక్కర్లేదు. తిరిగొచ్చాక కెమెరా తీసుకెళ్లిపోతారు.

ఇంజనీర్‌గా నాకు ఇందులో నచ్చింది చివరి వాక్యం. తీసుకెళ్లిపోతారు. ఇంటివాళ్లు అడిగితే వస్తుంది, మనుషులు ఇంట్లో ఉన్నప్పుడు ఉండదు, ఎక్కడ బిగించారో ఇంటివాళ్లకు తెలుసు. గడియారం కెమెరాలో ఈ మూడూ తలకిందులు. కానీ ఒక లోటు కూడా చెప్పాలి. "ఫలానా ఇల్లు ఫలానా తేదీ నుంచి ఖాళీ" అనే సమాచారం ఉందే, అది దొంగకు గడ్డపార కన్నా విలువైనది. ఇప్పుడు అది ఒక సర్వర్‌లో ఉంది. దాన్ని ఎవరెవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని అడిగే హక్కు మనకుంది. 'అడిగితే అనుమానిస్తారేమో' అని మనం అడగం. అసలు మనవాళ్లు పోలీసులకు చెప్పకముందే తిరుమల కొండ మీద నుంచి స్టేటస్ పెట్టేస్తారనుకోండి, అది వేరే సంగతి.

సొంతంగా కెమెరా కొని పెట్టుకున్నవాళ్లకు ఇంకో కథ. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల పరికరాల్లోకి దూరింది, చాలావరకు ఇలాంటి కెమెరాలే. గొప్ప తెలివితేటలేం లేవు దానికి. ఫ్యాక్టరీలో పెట్టిన అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ఒక్కొక్కటిగా ప్రయత్నించింది, అంతే. మట్టిగోడకు నీళ్లు చల్లి కన్నం వేసినట్టు. 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ రింగ్ కంపెనీ మీద కేసు పెట్టింది, ఉద్యోగులే కస్టమర్ల పడకగదుల వీడియోలు చూశారని. 58 లక్షల డాలర్లు కట్టి సర్దుకున్నారు. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. అంతకుముందు కొన్నవి గోడల మీద అలాగే ఉన్నాయి. ఈ రాత్రి ఒక పని చేయండి, మీ కెమెరా పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉందేమో చూడండి.

ఇక నాలాగా ఇతరుల ఇంట్లో ఉండబోయే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు. చట్టం ఎంతవరకు ఉందో తెలుసుకోండి. అనుమతి లేకుండా ఒకరి గుప్త శరీర భాగాలను చిత్రీకరిస్తే ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ఉంది, ఎవరికైనా వర్తిస్తుంది. స్త్రీలను ఏకాంతంలో చాటుగా చూసినా, చిత్రీకరించినా భారతీయ న్యాయ సంహిత 77 ఉంది. కానీ హాల్లో బట్టలు వేసుకుని కూర్చున్న నన్ను గడియారంలోంచి చూస్తే? ఈ రెండు సెక్షన్లూ అంటవు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టం, సొంత, ఇంటి అవసరాలకు వాడే డేటాను మినహాయించింది. నా ఓనర్ "మా ఇల్లు, మా కెమెరా" అంటాడు. కాబట్టి ముందే రాతపూర్వకంగా అడగాలి: కెమెరాలు ఎన్ని, ఎక్కడ, నేను ఉన్నప్పుడు లోపలివి ఆపుతారా? ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచమంతా ఇంటి లోపలి కెమెరాలను నిషేధించింది. అంటే కుదరని పనేం కాదు. కంపెనీ అనుకుంటే కుదురుతుంది.

వెళ్లిన మొదటి రాత్రి లైట్లన్నీ ఆపి, ఫోన్ కెమెరా తిప్పుతూ చూడండి. చీకట్లో పనిచేసే కొన్ని లెన్స్‌ల దగ్గర ఊదారంగు చుక్క కనబడుతుంది. ముందు కెమెరాతో చూస్తే చాలా ఫోన్లలో ఇంకా బాగా తెలుస్తుంది. టార్చ్ వేస్తే లెన్స్ మెరుస్తుంది. ఇంటి వైఫైకి కలిపిన పరికరాల పట్టీ చూడండి. ఇవి పూర్తి గ్యారంటీ కాదు. అడ్రస్, ఓనర్ పేరు, తేదీలు ఇంట్లో ఒకరికి పంపండి, లైవ్ లొకేషన్ పెట్టండి. 112 గుర్తుంచుకోండి. ఏపీలో 2025 మార్చి 8న వచ్చిన శక్తి యాప్ ఫోన్లో వేసుకోండి. మీ ఆధార్ కాపీ అడిగితే పూర్తి నంబరు ఇవ్వకండి, చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఓనర్ గుర్తింపు కూడా మీరు అడగండి. ఇది మనవాళ్లకు మొహమాటం. తలారి ఎప్పుడూ రెడ్డిని అడగలేదు, ఆ అలవాటు మనలో ఇంకా ఉంది.

చిన్నాన్న వాళ్లు నాలుగు రోజులకు తిరిగొచ్చారు. కానిస్టేబుల్ వచ్చి కెమెరా విప్పుతుంటే చిన్నాన్న అడిగాడంట, "ఏమన్నా కనిపించిందా సార్?" రెండో రోజు మధ్యాహ్నం ఒక అలర్ట్ వచ్చిందంట. గస్తీవాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చారంట. చూస్తే ఎదురింటి లక్షుమమ్మత్త. ఆమె దగ్గర ఇంటి తాళంచెవి ఇరవై ఏళ్లుగా ఉంది. తులసికోటకు నీళ్లు పోద్దామని బీగం తీసుకుని లోపలికొచ్చింది. పోలీసులు పేరు, వయసు, ఏం పని అని అడిగి రాసుకుని పోయారు. ఆమె చిన్నాన్నతో వారం రోజులు మాట్లాడలేదు. "కెమెరా పెడ్తున్నానని నాకొక మాట చెప్పిండొచ్చు కదా" అంటుంది ఇప్పటికీ. తాళంచెవి మాత్రం తిరిగివ్వలేదు, చిన్నాన్న అడగనూ లేదు.